మ్యాపు ఎవరి చేతిలో ఉంటుంది?

నేపర్‌విల్ దక్షిణ భాగంలో 87వ వీధి, 95వ వీధి, 103వ వీధి, 111వ వీధి అని పెద్ద రోడ్లున్నాయి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఇంచుమించు మైలు దూరం. ఆ అంకెలు ఈ ఊరివి కావు, తూర్పున దాదాపు 28 మైళ్ల దూరంలో ఉన్న చికాగోవి. 1909లో చికాగో నగరం స్టేట్ వీధి, మాడిసన్ వీధి కలిసే కూడలిని సున్నాగా పెట్టుకుని ఇళ్ల నంబర్లు తిరగరాసింది. ఆ లెక్క నగరం హద్దు దాటి డూపేజ్ కౌంటీ దాకా పాకింది. ఇక్కడ ఊళ్ల హద్దులకు బయట ఉన్న ఇంటి నంబరులో 27డబ్ల్యూ అని కనిపిస్తే ఆ ఇల్లు స్టేట్ వీధికి 27 మైళ్లు పడమరన ఉందని అర్థం. చిరునామా చదివితే చాలు, ఇల్లు ఏ దిక్కున ఎంత దూరమో తెలిసిపోతుంది. కానీ పెద్ద రోడ్డు వదిలి సబ్‌డివిజన్లోకి తిరిగితే ఈ లెక్క పనికిరాదు. అక్కడన్నీ డ్రైవులు, లేన్లు, కోర్టులు, సర్కిళ్లు. తూర్పుకు మొదలైన వీధి ఉత్తరానికి తిరిగి, పడమరకు వంగి, ఎటూ పోకుండా కల్-డి-సాక్‌లో ఆగిపోతుంది. మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండేది ఈ వంకర వీధుల్లోనే.

ఈ వీధుల్లోని ఇళ్లలో పుట్టినరోజు విందుల దగ్గర, ఆరోరా బాలాజీ గుడి పార్కింగులో ఒక మాట తరచుగా వినపడుతుంది: "మా ఆవిడకు దిక్కులు తెలియవండీ." ఆ మాట అనే మగవాళ్లకు చెడు ఉద్దేశం ఏమీ ఉండదు. చాలాసార్లు ఆ ఆవిడే నవ్వుతూ ఒప్పుకుంటుంది కూడా. 1990ల చివర్లో అలన్ పీజ్, బార్బరా పీజ్ దంపతులు రాసిన పుస్తకం ఒకటి, ఆడవాళ్లు మ్యాపులు ఎందుకు చదవలేరన్న మాటను పేరులోనే పెట్టుకుని ప్రపంచమంతా అమ్ముడుపోయింది. అలా ఆ మాటకు శాస్త్రం ముద్ర కూడా పడింది. శాస్త్రం నిజంగా అంటున్నదేమిటో వరసగా చూడాల్సిన అవసరం ఉంది. కారు తాళాలు ఎవరు తీసుకుంటారు, ఏ పిల్లను ఒంటరిగా సైకిల్ మీద ఎంత దూరం పంపుతారు అనేవి ఈ నమ్మకాన్ని బట్టే తేలుతున్నాయి. అందుకే ఇది నవ్వి వదిలేసే విషయం కాదని నా అభిప్రాయం.

ముందుగా, దారి తెలియడం అంటే ఒక్క నైపుణ్యం కాదు. బొమ్మను మనసులోనే తిప్పి చూడగలగడం ఒకటి. కొత్త చోట నాలుగు మలుపులు తిరిగాక బయల్దేరిన చోటు ఎటువైపు ఉందో వేలు చూపగలగడం మరొకటి. మ్యాపులో ఉన్నదాన్ని ఎదురుగా ఉన్న నేలకు అన్వయించడం, ఒకసారి వెళ్లిన దారిని తిరిగి పట్టుకోవడం, వాకిళ్లు దుకాణాలు గుర్తుపెట్టుకోవడం, తెలిసిన దారి వదిలి అడ్డదారి కనిపెట్టడం, ఇవన్నీ వేటికవి. ఒకదాంట్లో దిట్ట అయినవారు ఇంకోదాంట్లో తడబడవచ్చు.

వీటిలో మగవాళ్లది స్పష్టంగా పైచేయిగా కనిపించేది మొదటిదే. 1971లో షెపర్డ్, మెట్జ్‌లర్ చేసిన ప్రయోగంతో ప్రసిద్ధమైన ఈ పరీక్షలో ఘనపు ముక్కలతో కట్టిన బొమ్మలు రెండు చూపించి, తిప్పితే రెండూ ఒకటేనా కాదా అని అడుగుతారు. 1978లో వాండెన్‌బర్గ్, క్యూస్ దీన్ని కాగితం మీద రాసే పరీక్షగా మార్చారు. అప్పటినుంచి ఎన్నో దేశాల్లో పెట్టారు, సగటున మగవాళ్లకు ఎక్కువ మార్కులు వస్తున్నాయి. ఆ తేడాను కాదనడం కుదరదు. అయితే కుర్చీలో కూర్చుని ఘనపు బొమ్మను తిప్పడం వేరు, వాషింగ్టన్ వీధి నుంచి ఆగ్డెన్ అవెన్యూకు ఎక్కడ తిరగాలో తెలియడం వేరు. "ఆడవాళ్లకు దారి తెలియదు" అనే వాదనలో చాలా భాగం ఈ కుర్చీ పరీక్ష మార్కుల మీద కట్టినదే.

దారి కనుక్కోవడాన్నే సూటిగా కొలిచిన పనిని 2019లో నజరెత్, హువాంగ్, వోయర్, న్యూకూంబ్ అనే నలుగురు పరిశోధకులు ఒకచోట చేర్చారు. అంతవరకు వచ్చిన 266 అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. మొత్తం మీద మొగ్గు మగవాళ్ల వైపే తేలింది. ఆ మొగ్గు పరిమాణం చిన్నదానికీ మధ్యస్థానికీ నడుమ, సుమారు 0.35. ఈ అంకెను మామూలు మాటల్లో చెప్పాలంటే, ఏ పరిచయమూ లేని ఒక మగవాణ్ణి, ఒక ఆడమనిషిని తీసుకుని పరీక్ష పెడుతూ పోతే, 100 సార్లలో 60 సార్లు మగవాడికి ఎక్కువ వస్తుంది, 40 సార్లు ఆడమనిషికి ఎక్కువ వస్తుంది. సగటులో తేడా ఉందన్నది నిజం. కానీ ఎదురుగా ఉన్న మనిషి మగో ఆడో చూసి ఆ మనిషికి దారి తెలుసా లేదా అని నిర్ణయిస్తే పదిసార్లలో నాలుగుసార్లు తప్పుతాం. ఆ లెక్కలోనే ఇంకో సంగతి ఉంది: 13 ఏళ్లలోపు పిల్లల్లో తేడా ఇంకా తక్కువ. మరి పదమూడేళ్ల తర్వాత మన పిల్లల జీవితంలో ఏం మారుతుంది? ఒంట్లో హార్మోన్లు మారతాయి. ఇంటి నుంచి ఎవరు ఎంత దూరం వెళ్లవచ్చన్న నియమాలూ అప్పుడే మారతాయి. పరిశోధకుల తగవంతా ఈ రెండింటి మధ్యే.

తగవులోకి వెళ్లేముందు, ఆడవాళ్లు మగవాళ్లు దారిని పట్టుకునే తీరులో ఉన్న తేడా చూడాలి. 1993లో కెనడాలో గాలియా, కిమురా విద్యార్థులకు కాగితపు మ్యాపు ఇచ్చి ఒక మార్గం నేర్చుకోమన్నారు. మగవాళ్లు తక్కువ తప్పులతో నేర్చుకున్నారు, దారి పక్కన ఏమేం ఉన్నాయన్నది ఆడవాళ్లకు ఎక్కువ గుర్తుంది. మన పొరుగు రాష్ట్రం ఇండియానాలో కేరల్ లాటన్ 1994లో ప్రచురించిన పరిశోధన ఈ విషయానికి పునాది లాంటిది. దారి పట్టుకోవడంలో రెండు పద్ధతులున్నాయని ఆమె చూపించారు. ఉత్తరం ఎటు, ఇల్లు ఎటు అని దిశను పట్టుకుని పోవడం ఒకటి. బ్యాంకు దాటాక ఎడమకు, రెండో సిగ్నల్ దగ్గర కుడికి అని వరస పట్టుకుని పోవడం రెండోది. సగటున మొదటిది మగవాళ్లు, రెండోది ఆడవాళ్లు ఎక్కువగా వాడుతున్నట్టు చెప్పారు. కొత్త దారిలో పడే ఆందోళన కూడా ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించింది. ఆందోళన ఎక్కువున్నవాళ్లు దిశ పట్టుకునే పద్ధతి తక్కువగా వాడుతున్నారు.

ఇదంతా పుట్టుకతో వచ్చిందని అనుకునేవాళ్లు లాటన్ 2001 నాటి పరిశోధన కూడా చదవాలి. అమెరికాలో దారి చెప్పేటప్పుడు తూర్పు, పడమర అనే మాటలు వాడటం ప్రాంతాన్ని బట్టి మారుతోంది. మిడ్‌వెస్ట్‌లోనూ పశ్చిమ రాష్ట్రాల్లోనూ ఎక్కువ, ఈశాన్య రాష్ట్రాల్లోనూ దక్షిణాదిలోనూ తక్కువ. రోడ్లను మైలుకొకటి చొప్పున దిక్కుల ప్రకారం వేసిన నేల మీద పెరిగినవాళ్ల నోట దిక్కులు పలుకుతాయి. నేల నేర్పే సంగతి ఇది, మగ ఆడ అన్న తేడా ఒక్కటే దీన్ని వివరించదు.

మన సంగతికి వస్తే, తెలుగింటి ఆడవాళ్లకు దిక్కులు తెలియవని నేను ఏనాడూ ఒప్పుకోలేను. ఆగ్నేయంలో పొయ్యి, ఈశాన్యంలో దేవుడు అని వంటింటి దాకా దిక్కులను నడిపింది ఎవరు? ఉత్తరానికి తల పెట్టి పడుకోవద్దని మనవలకు చెప్పేది అమ్మమ్మలే. నేపర్‌విల్‌లో ఇల్లు కొనడానికి వెళ్లినప్పుడు వాకిలి తూర్పుకుందా అని ముందు చూసేది చాలా కుటుంబాల్లో ఇల్లాలే. పల్లెలో చెరువు పడమటి గట్టు మీద గడ్డి కోసుకొచ్చే మనిషికి, ఉత్తరపు వీధిలో పెళ్లికి పిలుపు చెప్పొచ్చే మనిషికి దిక్కు అనేది రోజువారీ మాట. కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన రమేశ్ మిశ్రా, స్విట్జర్లాండ్ మనోవిజ్ఞాని పియర్ దాసెన్ కలిసి భారత్, నేపాల్, బాలి ద్వీపంలో పిల్లల మీద ఏళ్ల తరబడి పనిచేసి 2010లో పుస్తకం వెలువరించారు. కుడి ఎడమల కన్నా దిక్కులతో ఆలోచించే అలవాటు ఇలాంటి చోట్ల చిన్నవయసులోనే వస్తుందని వారు వివరంగా చూపారు. ఇంట్లో దిక్కులు చెప్పగలిగిన మనిషి రోడ్డు మీద చెప్పలేకపోతే, లోపం ఆమె మెదడులో వెతకడం కన్నా రోడ్డు మీద ఆమె గడిపిన కాలంలో వెతకడం న్యాయం.

పరీక్ష పెట్టే తీరు కూడా ఫలితాన్ని మారుస్తుంది. 2016లో సాంటా బార్బరాలో తరంపి, హెయ్‌దరి, హెగర్టీ ఒక తెలివైన పని చేశారు. మ్యాపు మీద గీసిన దారి వెంట పోతూ ప్రతి మలుపులో కుడికా ఎడమకా అని రాసే పరీక్ష ఒకటి చాలాకాలంగా వాడుకలో ఉంది. దాన్ని కొంతమందికి ఎప్పటిలాగే దిశలకు, స్థలానికి సంబంధించిన పరీక్షగా ఇచ్చారు. ఇంకొంతమందికి అదే పరీక్షను, బొమ్మలో ఒక మనిషిని నిలబెట్టి, ఎదుటివాడి చోట నిలబడి చూడగలరా అని కొలిచే పరీక్షగా ఇచ్చారు. మొదటి రకంలో మగవాళ్లకు ఎక్కువ వచ్చింది. రెండో రకంలో తేడా మాయమైంది. నాకు తెలిసినంతలో ఈ రంగంలో ఇంత సూటిగా మాట్లాడే ప్రయోగాలు ఎక్కువ లేవు. "ఇది నీకు రాని పని" అని ముందే విని కూర్చున్న మనిషి చేతిలో కలం ఎలా ఆగుతుందో ఇది చూపిస్తోంది.

అలాగే ఆడవాళ్లు ముందున్న పరీక్షలూ ఉన్నాయి, వాటి గురించి విందుల్లో ఎవరూ మాట్లాడరు. 1992లో సిల్వర్‌మన్, ఈల్స్ ఏ వస్తువు ఎక్కడుందో గుర్తుంచుకోవడంలో ఆడవాళ్లది పైచేయి అని చూపారు. 2007లో సాంటా బార్బరా రైతుబజారులో జనాన్ని దుకాణాల వెంట తిప్పి, తర్వాత ఫలానా తిండి ఏ వైపు దొరుకుతుందో చూపమంటే ఆడవాళ్లే ఎక్కువ సరిగ్గా చూపారు. మెక్సికోలోని త్లాష్‌కాలా కొండల్లో పుట్టగొడుగులు ఏరేవాళ్ల వెంట జీపీఎస్ పరికరాలు పంపి 2010లో మరో పరిశోధన వచ్చింది. మగవాళ్లు ఆడవాళ్లు ఏరినది ఇంచుమించు సమానమే కానీ, మగవాళ్లు ఎక్కువ ఎత్తులెక్కి, ఎక్కువ శక్తి ఖర్చుపెట్టారు.

ఇక తగవు. తేడా ఎందుకొచ్చిందన్నదానికి ఎక్కువమంది విన్న జవాబు వేట కథ. ఆదిమ కాలంలో మగవాళ్లు వేటకు దూరం వెళ్లారు, ఆడవాళ్లు దగ్గర్లో కాయలు ఏరారు, అందుకే మగ మెదడు దారికి అమరింది అని. 1986లో గాలిన్, ఫిట్జ్‌జెరల్డ్ పొలం ఎలుకల జాతుల మీద చేసిన పని దీనికి బలమిచ్చింది. మగవి ఆడవాటికన్నా దూరం తిరిగే జాతిలో మగవి చిక్కుదారుల పరీక్షలో ముందున్నాయి, సమానంగా తిరిగే జాతిలో తేడా లేదు. కథ బాగుంది. అయితే ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జస్టిన్ రోడ్స్ బృందం 2012లో 11 జాతుల సమాచారాన్ని, 2024లో 21 జాతుల సమాచారాన్ని తీసుకుని ఈ కథను పరీక్షకు పెట్టింది. మగవి ఎంత ఎక్కువ దూరం తిరిగితే అంత ఎక్కువ నేర్పు ఉండాలి కదా? అలాంటి సంబంధం కనిపించలేదు. మగవాళ్లకు ఉపయోగపడి నిలిచిన గుణమైతే కూతుళ్లకు మాత్రం ఎందుకు సంక్రమించదన్నది ఆ బృందం వేసిన ప్రశ్న. ఆడవాళ్లకు అది నష్టం చేస్తే తప్ప వాళ్లకూ వస్తుంది. దారి తెలియడం వల్ల ఏ ఆడమనిషికి ఏం నష్టం?

జీవించే తీరును బట్టి తేడా పెరగడం, తగ్గడం నాకు ఇంకా బలమైన సాక్ష్యంగా కనిపిస్తోంది. నమీబియాలో త్వే, చింబా అనే తెగల్లో మగవాళ్లు దూరం తిరుగుతారు, బొమ్మను మనసులో తిప్పే పరీక్షలో మెరుగ్గా చేసిన మగవాళ్లు మిగతావారికన్నా ఎక్కువ దూరం తిరుగుతారు. వేట కథవాళ్లు దీన్ని తమకు అనుకూలంగా చెప్పుకుంటారు, అది సబబే. కానీ బొలీవియా అడవుల్లో చిమానే అనే తెగను పరీక్షించినప్పుడు, కళ్లకు కనపడని చోటును వేలితో చూపడంలో ఆడా మగా తేడా లేదని 2016లో తేలింది. అక్కడ ఆడవాళ్లూ అడవిలో తిరుగుతారు.

భారతదేశంలో జరిగిన పరిశోధన ఇంకా ముఖ్యమైనది. దాన్ని చేసినవారిలో ఒకరైన జాన్ లిస్ట్ పనిచేసేది మనకు గంట దూరంలోని చికాగో విశ్వవిద్యాలయంలో. హాఫ్‌మన్, గ్నీజీ, లిస్ట్ కలిసి ఈశాన్య భారతంలో పక్కపక్కనే ఉన్న ఖాసీ, కార్బీ తెగల గ్రామాలకు వెళ్లి దాదాపు 1,300 మందికి నాలుగు ముక్కల పజిల్ ఇచ్చారు. కార్బీలలో ఆస్తి కొడుకులకు వెళ్తుంది, అక్కడ మగవాళ్లు ఆడవాళ్ల కన్నా 36 శాతం వేగంగా పజిల్ పూర్తిచేశారు. ఖాసీలలో ఆస్తి చిన్నకూతురికి వెళ్తుంది, అక్కడ తేడా లేదు. రెండు తెగలదీ ఒకే కొండప్రాంతం, ఒకే తిండి, దగ్గరి రక్తసంబంధం. చదువులో తేడా ఈ ఫలితాన్ని కొంతవరకు వివరిస్తుందని కూడా వారు రాశారు. 2011లో వచ్చిన ఈ పని పజిల్ గురించే కానీ దారి గురించి కాదు, ఆ పరిమితి గుర్తుంచుకోవాలి.

దారి గురించే అయిన మహా పరీక్ష 2016లో ఫోన్ ఆటగా వచ్చింది. సీ హీరో క్వెస్ట్ అనే ఆ ఆటలో పడవ నడుపుతూ, ముందుగా చూపిన మ్యాపును గుర్తుపెట్టుకుని దారి పట్టాలి. మతిమరుపు వ్యాధిని ముందుగా పసిగట్టడం కోసం లండన్‌లో హ్యూగో స్పియర్స్ తదితరులు తయారుచేయించారు. 57 దేశాలవారి ఆటను పరిశీలించి 2018లో ప్రచురించారు. మగవాళ్లు సగటున ముందున్నారు కానీ, ఆ ఆధిక్యం ఎంత అన్నది దేశాన్ని బట్టి మారింది. చదువు, ఉద్యోగం, రాజకీయాల్లో ఆడవాళ్లకు సమానత్వం ఎక్కువున్న దేశాల్లో తేడా తక్కువ, అసమానత ఎక్కువున్న చోట తేడా ఎక్కువ. ఒకదాంతో ఒకటి కలిసి నడిచినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని తేల్చలేం. కానీ మెదడే మొత్తానికి కారణమైతే దేశం సరిహద్దు దాటగానే తేడా ఎందుకు కుంచించుకుపోతుంది?

హార్మోన్ల పాత్ర సున్నా అని నేను అనను. నార్వేలో 2016 నాటి ఒక ప్రయోగంలో ఆడవాళ్లకు ఒక మోతాదు టెస్టోస్టెరాన్ ఇచ్చి చూశారు. బొమ్మను మనసులో తిప్పే పరీక్షలో కొంత మెరుగు కనిపించింది, చిక్కుదారిలో గమ్యం చేరడంలో మాత్రం మెరుగు లేదు. ఒంటి పాత్ర ఉంటే ఉండవచ్చు, దారి పట్టడమంతా దానిదే కాదని దీన్నిబట్టి చెప్పవచ్చు.

ఇప్పుడు మన చికాగో ప్రాంతపు పిల్లల దగ్గరికి వద్దాం. ఈ ప్రశ్న మీద ప్రపంచంలోనే అత్యంత ఓపికగా పని జరిగిన చోట్లలో ఇదొకటి. చికాగో విశ్వవిద్యాలయంలో సూసన్ లెవిన్, జెనెలెన్ హట్టెన్‌లోకర్ బృందం నాలుగైదేళ్ల పిల్లల్లోనే కొన్ని పరీక్షల్లో మగపిల్లలు ముందుండటం 1999లో గమనించింది. 2005లో అదే బృందం రెండు, మూడు తరగతుల పిల్లలకు పైనుంచి తీసిన ఫొటోను మ్యాపుతో పోల్చే పరీక్ష పెట్టింది. మధ్యతరగతి, సంపన్న కుటుంబాల్లో మగపిల్లలు ముందున్నారు. పేద కుటుంబాల్లో ఆడపిల్లలకూ మగపిల్లలకూ తేడాయే లేదు. నైపుణ్యం పుట్టుకతో వచ్చేదే అయితే పేదింటి మగపిల్లవాడిలోనూ కనపడాలి. ఆటవస్తువులు, తిరిగే అవకాశం ఉన్న ఇళ్లలో అవి మగపిల్లలకు ఎక్కువ అందుతున్నాయని, లేనిచోట ఇద్దరికీ అందడం లేదని దీన్ని అర్థం చేసుకోవచ్చు. నేపర్‌విల్‌లో మన ఇళ్లు ఏ కోవలోవో వేరే చెప్పనక్కర్లేదు. అందుకే ఈ పరిశోధన మనకు అన్నిటికన్నా దగ్గరగా తగలాలి.

అదే బృందం ఇళ్లలోకి వెళ్లి చిన్నపిల్లలు ఆడుకునే తీరును ఏళ్ల తరబడి వీడియో తీసింది. రెండు నుంచి నాలుగేళ్ల మధ్య పజిల్స్ పేర్చిన పిల్లలు తర్వాత ఆకారాలు తిప్పే పరీక్షలో మెరుగ్గా చేశారు. మగపిల్లలు ఆడే పజిల్స్ కష్టమైనవి, వాళ్లతో ఆడేటప్పుడు తల్లిదండ్రులూ ఎక్కువ కలగజేసుకున్నారు. ఇది 2012 మాట. 2017లో ప్రుడెన్, లెవిన్ ఇంకో సంగతి చెప్పారు: వంపు, అంచు, పొడవు, మూల లాంటి మాటలు తల్లిదండ్రులు కొడుకులతో ఎక్కువగా అంటున్నారు, అందువల్లే కొడుకులు ఆ మాటలు ఎక్కువగా పలుకుతున్నారు. ఇందులో పాఠశాల లేదు, సమాజం లేదు, ఇంట్లో అమ్మానాన్నల మాటే ఉంది.

ఇంటి బయట సంగతి 1970లలోనే రోజర్ హార్ట్ వెర్మాంట్‌లోని ఒక చిన్న ఊళ్లో కొలిచారు. ఇంటి నుంచి ఎంత దూరం ఒంటరిగా వెళ్లనిస్తారు అని చూస్తే మగపిల్లలకు అనుమతి ఎక్కువ దూరం ఉంది. నేపర్‌విల్ సబ్‌డివిజన్లలో ఈ రోజు ఏ పిల్లా ఒంటరిగా పెద్దగా తిరగదు, కుమాన్ నుంచి భరతనాట్యం దాకా అన్నిటికీ కారే. వెనక సీటులో కూర్చుని తెరలో తలదూర్చిన పిల్లలకు రూట్ 59 ఎటుందో తెలియకపోతే అది పిల్లల తప్పు కాదు. అందులోనూ సైకిల్ ఇచ్చి రివర్‌వాక్ దాకా వెళ్లిరమ్మంటే ముందు అన్నకే చెప్తాం, చెల్లికి కాదు.

2022లో స్పియర్స్ బృందమే వీధుల ఆకృతి గురించి ఒక ఆశ్చర్యకరమైన ఫలితం ప్రకటించింది. 38 దేశాల్లో దాదాపు 4 లక్షల మంది ఆటను చూస్తే, చికాగో లాంటి నలుచదరపు వీధుల నగరాల్లో పెరిగినవాళ్లకన్నా వంకర వీధుల ఊళ్లలో, నగరం బయట పెరిగినవాళ్లకు దారి పట్టే నేర్పు ఎక్కువ. ఆ ప్రకారం మన వంకర వీధులు పిల్లలకు మంచి బడి కావాలి. కాళ్లతో, సైకిల్‌తో తిరిగితేనే కదా అది బడి అయ్యేది.

పెద్దవాళ్ల సంగతిలో మన డయాస్పొరాకు ప్రత్యేకమైన కారణం ఒకటుంది. హెచ్-4 వీసా మీద వచ్చిన భార్యలకు 2015 మే వరకు ఉద్యోగం చేసే వీలే లేదు. ఆ తర్వాత కూడా భర్త గ్రీన్‌కార్డు వరుసలో కొంత ముందుకు వచ్చినవాళ్లకే ఆ అవకాశం. భర్త రోజూ రెండు పూటలా ఐ-88 మీద పోయి వస్తాడు. భార్యకు అవే మొదటి సంవత్సరాలు ఇంట్లోనే గడుస్తాయి. ఐదేళ్ల తర్వాత ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఆమెకు దారి తెలియదనడం కొలత కాదు. దారి చేతికొస్తే ఏమవుతుందో నల్గొండ జిల్లా నుంచి వెళ్లిన వి. సరిత చూపించారు. ఆమె 2015లో ఢిల్లీ రవాణా సంస్థ తొలి మహిళా బస్సు డ్రైవరయ్యారు.

మన సమాజం ముందున్న మరో సాక్ష్యం జాతీయ భూగోళ పోటీ, జియోగ్రాఫిక్ బీ. 1989 నుంచి 2019 దాకా 31 పోటీలు జరిగితే గెలిచిన ఆడపిల్లలు ఇద్దరే, 1990లో ఒకరు, 2007లో ఒకరు. 2012 నుంచి 2019 వరకు వరసగా ఎనిమిది మంది విజేతలూ భారత సంతతి పిల్లలే, ఎనిమిది మందీ మగపిల్లలే. 2014లో గెలిచిన అఖిల్ రేకులపల్లి, 2019లో గెలిచిన నిహార్ జంగా పేర్లు తెలుగువారికి చెప్పనక్కర్లేదు. అదే కాలంలో స్పెల్లింగ్ బీలో స్నిగ్ధ నందిపాటి 2012లో, వన్య శివశంకర్ 2015లో, అనన్య వినయ్ 2017లో గెలిచారు. పిల్లలను పోటీలకు దిద్దే ఇళ్లు ఇవే, పట్టుదలా అంతే. భూగోళం అడిగేది దారి పట్టే నేర్పును కాదు, చదివి గుర్తుంచుకునే జ్ఞానాన్ని. అయినా అట్లాసు కొడుకు ముందు, నిఘంటువు కూతురు ముందు పెడుతున్నామేమోనని ఈ వరస చూస్తే నాకు అనుమానం కలుగుతుంది. పోటీ 2021లో పూర్తిగా ఆగిపోయింది, అనుమానం తీరే వీలు లేకుండాపోయింది.

ఈ చర్చను జీపీఎస్ పాతబడేలా చేసిందని కొందరంటారు. నేను ఒప్పుకోను. 2020లో మాంట్రియల్‌లో దహ్మాని, బోబో చేసిన పరిశోధనలో జీపీఎస్ ఎక్కువగా వాడినవాళ్లకు సొంతంగా దారి గుర్తుంచుకునే శక్తి తక్కువగా ఉంది, మూడేళ్ల తర్వాత మళ్లీ పరీక్షిస్తే అది ఇంకా తగ్గింది. లండన్ టాక్సీ డ్రైవర్లలో దీనికి ఎదురు సంగతి కనిపించింది. వేల వీధులు బట్టీపట్టి పరీక్ష నెగ్గినవాళ్ల మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం వెనక వైపు పెరిగిందని ఎలినోర్ మగ్వైర్ బృందం 2000లోనూ, 2011లోనూ చూపింది. మెదడు వాడకాన్ని బట్టి మారుతుంది. ఆ జీపీఎస్ నిలబడింది కూడా భూమి ఆకారాన్ని లెక్కగట్టిన వర్జీనియా గణితవేత్త గ్లాడిస్ వెస్ట్ లాంటివాళ్ల పని మీదే. ఆమె మాత్రం తనకు కాగితపు మ్యాపే ఇష్టమని చెప్పేవారు.

నేర్చుకుంటే వస్తుందా అన్నదానికి ఒక సమీక్షలో గట్టి జవాబుంది. చికాగోకు ఉత్తరాన ఎవన్‌స్టన్‌లో, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ అట్టల్ బృందం 2013లో 217 శిక్షణ అధ్యయనాలను కలిపి చూసింది. శిక్షణ పనిచేస్తుంది, మెరుగు నిలుస్తుంది, నేర్చుకున్న పని నుంచి నేర్చుకోని పనికి కూడా పాకుతుంది. మగవాళ్లూ ఆడవాళ్లూ ఇద్దరూ మెరుగవుతారు, అందువల్ల తేడా ప్రతిసారీ పూర్తిగా చెరిగిపోదు. 2007లో టొరంటోలో పది గంటల వీడియో గేమ్‌తో తేడా బాగా తగ్గిన సందర్భమూ ఉంది. తేడా చెరగకపోయినా ఫరవాలేదు. ఊళ్లో ఎక్కడికైనా తనంత తాను వెళ్లిరాగలిగినంత నేర్పు ప్రతి ఆడపిల్లకూ చాలు, అది శిక్షణతో అందుతుందని నా నమ్మకం.

నా తీర్పు ఇది. సగటున తేడా ఉంది, అది చిన్నది, కొన్ని పనులకే పరిమితం, చాలావరకు మనం పిల్లలను పెంచే తీరు వల్ల పెరిగేది. ఆడవాళ్లు మ్యాపు చదవలేరన్న మాటకు ఆధారం లేదు.

ఇల్లినాయ్‌లో 15 ఏళ్లు నిండిన పిల్లలు డ్రైవింగ్ క్లాసులో చేరి లెర్నర్స్ పర్మిట్ తీసుకోవచ్చు. లైసెన్సుకు ముందు పెద్దవాళ్ల పక్కన 50 గంటలు నడపాలి, అందులో 10 గంటలు రాత్రిపూట. మీ ఇంట్లో ఆ వయసు కూతురుంటే, ఆ 50 గంటల్లో కొన్ని గంటలు ఫోను డాష్‌బోర్డు మీద పెట్టకండి. నేపర్‌విల్ కాగితపు మ్యాపు ఒకటి ఆమె చేతికిచ్చి, 95వ వీధి లైబ్రరీకి వెళ్లే దారి ఆమెనే ఎంచుకోనివ్వండి. తప్పు మలుపు తిరిగినా వెంటనే సరిదిద్దకండి, తనే వెనక్కి వచ్చే దాకా ఆగండి. అది కుదిరాక వాళ్లమ్మనూ స్టీరింగు ముందు కూర్చోబెట్టండి.